కోహాకు ఆథరైజ్డ్ డీలర్ ఎవరు?

కాలేజీ లైబ్రరీల్లో కోహా అనే లైబ్రరీ నిర్వహణ సాఫ్ట్‌వేర్ పెట్టడం నా వ్యాపారం. ఎక్కువగా గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీలు. కాలేజీల నాణ్యత తేల్చే న్యాక్ మదింపు దగ్గరపడిందని తెలిస్తే చాలు, లైబ్రేరియన్ల టెన్షన్ నా ఫోన్‌కి అంటుకుంటుంది. కొటేషన్ పంపితే పర్చేజ్ కమిటీ ఒకటే అడుగుతుంది: కంపెనీ ఆథరైజేషన్ లెటరు, లైసెన్స్ సర్టిఫికెట్ జతచేయండి.

ఏ కంపెనీ అని చెప్పను? 1999లో న్యూజిలాండ్‌లో హొరోఫెనువా లైబ్రరీ ట్రస్టు పాత సాఫ్ట్‌వేర్ తేదీలు 2000లోకి మారినప్పుడు వచ్చే గండం దాటేలా లేదని, కటిపో కమ్యూనికేషన్స్ అనే సంస్థ చేత దీన్ని రాయించుకుంది. 2000 జనవరిలో వాడకం మొదలుపెట్టి, కోడ్‌ని జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేసింది. ఆ తర్వాత ఎన్నో దేశాల వాళ్లు చెయ్యి వేశారు. డీలర్‌షిప్ ఇవ్వడానికి యజమాని అంటూ ఒకడు లేడు. అందుకే జీపీఎల్ మూడో వెర్షన్ ప్రింట్ తీసి, నాలుగో సెక్షన్ కింద గీత గీసి జతచేస్తాను. కాపీకి ఎంత ధరైనా పెట్టుకోవచ్చు, ఊరికే కూడా ఇవ్వొచ్చు, సపోర్టుకీ వారంటీకీ ఫీజు తీసుకోవచ్చు అని అక్కడే ఉంది. కమిటీలో దాన్ని చదివేవాళ్లు తక్కువే. ఫైల్లో కాగితం ఉంటే చాలు వాళ్లకి.

"నెట్‌లో ఊరికే దొరికేదానికి ఇంత బిల్లేంటండీ" అనే కరస్పాండెంట్ గారికి మాత్రం లైబ్రరీకి వచ్చిన పుస్తకాలన్నీ వరసగా రాసే యాక్సెషన్ రిజిస్టర్ చూపించాల్సిందే. ఎక్సెల్ షీట్‌లో ఒకే రచయిత పేరు నాలుగు రకాలుగా ఉంటుంది. ధర ఉండాల్సిన గడిలో పేజీల సంఖ్య ఉంటుంది. తెలుగు పుస్తకాల పేర్లు యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో కొట్టి ఉంటే అదో పెద్ద తలనొప్పి. యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులు ఎగిరిపోతాయి, మార్చకపోతే పాఠకులు పుస్తకాలు వెతికే ఓప్యాక్‌లో పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. కన్వర్టర్ సగమే చేస్తుంది, మిగతా సగం మనిషి కూర్చుని సరిచూడాలి. అందుకే నా బిల్లులో సాఫ్ట్‌వేర్ ధర అనే లైనే ఉండదు. డేటా మార్పిడి రికార్డుల లెక్కన, తర్వాత బార్‌కోడ్, స్పైన్ లేబుళ్లు, ట్రైనింగ్, ఏడాది నిర్వహణ ఒప్పందం (ఏఎంసీ).

లైబ్రరీకి వచ్చిపోయేవాళ్లను నమోదు చేయడానికి కోహాకి తగిలించేలా నేను రాసిన గేట్ రిజిస్టర్ ప్లగిన్ కూడా జీపీఎల్ కిందే ఇస్తాను. ఒక కాలేజీ దాన్ని పక్క కాలేజీకి ఇస్తే నాకు పైసా రాదు. పోనీయండి. తరచుగా ఆ పక్క కాలేజీ వాళ్లే ఇన్‌స్టాల్ చేయమని నాకు ఫోన్ చేస్తారు. మా వైపు ఒకాయన మాత్రం కోహాకి లోగో మార్చి 'మా సొంత సాఫ్ట్‌వేర్' అని అమ్ముతున్నాడు. లోగో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు, అది తప్పు కాదు. కాపీరైట్ నోటీసులు చెరిపేసి, ఇంకెవరికీ ఇవ్వకూడదని అగ్రిమెంట్ రాయించుకోవడం మాత్రం లైసెన్స్ ఒప్పుకోదు.

ఇంకో సంగతి ఉంది, అక్కడ మనల్ని లైసెన్స్ కూడా కాపాడలేకపోతుంది. 2009లో లిబ్‌లైమ్ అనే అమెరికా కంపెనీ తన సర్వర్ల మీద నడిపే 'ఎంటర్‌ప్రైజ్ కోహా' అనే తన సొంత వెర్షన్ తెచ్చింది. జీపీఎల్ ప్రకారం ప్రోగ్రామ్ కాపీని ఎవరికైనా ఇస్తేనే కోడ్ కూడా ఇవ్వాలి. తన సర్వర్‌లో నడిపితే ఇవ్వక్కర్లేదు. ఆ సందు మూయడానికే ఏజీపీఎల్ అనే మరో లైసెన్స్ వచ్చింది, కానీ కోహా జీపీఎల్‌లోనే ఉంది. పైగా కోహా అసలు వెబ్ చిరునామా ఆ కంపెనీ చేతిలో ఉండిపోవడంతో మిగతావాళ్లు వేరే చిరునామాకి మారాల్సి వచ్చింది. ఆ కంపెనీని 2010లో పీటీఎఫ్ఎస్ అనే మరో కంపెనీ కొన్నది. 2011లో న్యూజిలాండ్‌లో కోహా పేరు ట్రేడ్‌మార్క్ మీద పీటీఎఫ్ఎస్‌తో గొడవ వచ్చి, కోహాని మొదట రాయించిన ఆ చిన్న లైబ్రరీ ట్రస్టు అందరినీ సాయం అడగాల్సి వచ్చింది.

మన కాలేజీల్లో ఇదే తంతు ఇంకా చిన్న స్థాయిలో జరుగుతుంది. కోడ్ అంతా స్వేచ్ఛే, సర్వర్ మొత్తం మీద అధికారం ఇచ్చే రూట్ పాస్‌వర్డ్ మాత్రం వెండర్ దగ్గర. ఏఎంసీ కట్టకపోతే బ్యాకప్ ఇవ్వనంటాడు. లైబ్రేరియన్ గారికి లైసెన్స్ ఇచ్చిన హక్కులన్నీ ఉన్నా, సర్వర్‌లోకి వెళ్లే దారే ఉండదు.

అందుకని పని ముగిసిన రోజున రూట్ పాస్‌వర్డ్ కవర్లో పెట్టి ప్రిన్సిపాల్ గారికి ఇచ్చి సంతకం తీసుకుంటాను. రోజూ రాత్రి డేటాబేస్ డంప్ (మొత్తం డేటా కాపీ) కాలేజీ కంప్యూటర్‌లోకే పడేలా పెడతాను. ఇలా చేస్తే ఏఎంసీ ఎవరు కడతారని మా తమ్ముడి వాదన. కొందరు కట్టరు, నిజమే. ఒక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటే అంతా నేర్చుకుని నడుపుకుంటున్నాడు, వెర్షన్ అప్‌గ్రేడ్ అప్పుడే నన్ను పిలుస్తాడు. దానికి విడిగా బిల్లు వేస్తాను, బేరమాడకుండా కట్టేస్తారు.