చివరి ఏరుడు

సంక్రాంతి వెళ్లి ఇన్ని రోజులైనా మా మరిది చేనులో పత్తి కట్టె ఇంకా నిలబడే ఉంది. సాయంత్రం అటు వెళ్లి చూసి వచ్చినప్పటి నుంచి చిరాకు తగ్గలేదు. "ఇంకొక్క ఏరుడు వస్తది వదినా, కైకిలి ఖర్చన్నా ఎల్తది" అన్నాడు. నేను మారు మాట్లాడలేదు. మాట్లాడి ఉంటే అత్తయ్య ముఖం ఎలా మారేదో మీకు తెలిసిందే.

పత్తి కాయను తొలిచే గులాబీరంగు పురుగు వచ్చే పంట దాకా బతికేదే ఆ చివరి కాయల మీద. గుడ్డు నుంచి వచ్చిన కాసేపటికే అది కాయలోకి దూరుతుంది, దూరిన రంధ్రం కాయ పెరిగేకొద్దీ మూసుకుపోతుంది కనుక ఆ తరువాత ఏ మందు కొట్టినా దానికి తగలదు. పంట ముగిసినా గింజలోనే ముడుచుకుని నిద్రపోయి, మళ్లీ పత్తి పూసే నాటికి రెక్కల పురుగై లేస్తుంది. పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు చేర్చిన బీటీ విత్తనం 2002లో, 2006లో రెండు జన్యువుల రకం వచ్చినప్పుడు ఇక బెడద తీరిందన్నారు. పచ్చపురుగు తగ్గిన మాట నిజమే, కాని గులాబీ పురుగు పదేళ్లు తిరగకముందే రెండింటినీ తట్టుకోవడం నేర్చుకుంది. పురుగు ఆ విషానికి అలవాటు పడకుండా విత్తనంతో పాటు ఇచ్చిన 120 గ్రాముల నాన్ బీటీ (మామూలు పత్తి) పొట్లాన్ని చేను చుట్టూ వేసినవారిని మా వైపు నేను చూడలేదు.

ఏరుడు అయిన చేనులో గొర్రెలను మేపితే మిగిలిన కాయలు పురుగుతో సహా పోతాయని వ్యవసాయాధికారులు చెబుతారు. దారిలో మంద తోలుకొస్తున్న పెద్దాయనను అడిగితే తల అడ్డంగా ఊపాడు. ఆయనను తప్పుపట్టలేను. 2006లో మా వరంగల్ జిల్లాలో పత్తి చేలలో మేసిన గొర్రెలు చచ్చిపోయాయన్న వార్త ఊరూరా పాకింది. బీటీ ఆకు వల్లనని కొందరు, కొట్టిన మందుల వల్లనని మరికొందరు వాదించుకున్నారు. అంతకుముందు మా పుట్టింట్లో ఏటా ఎండాకాలం ఒక కురుమ తాత చేనులో మంద పెట్టేవాడు. రాత్రంతా గొర్రెలు పడుకున్న నేలకు వేరే ఎరువు అక్కరలేదని నాన్న నమ్మకం, అందుకు బదులుగా వడ్లు కొలిచి ఇచ్చేవారు. పొద్దున్నే నాకు ముంతెడు పాలు దొరికేవి. ఆ వార్త తరువాత తాత పత్తి చేను గట్టు కూడా తొక్కలేదు. నాన్న యూరియా బస్తాల కోసం వరుసలో నిలబడడం అప్పుడే మొదలైంది.

ఇంతవరకు రాశాక మరిది మీద కోపం నిలవడం లేదు. కట్టె పీకించాలంటే కూలి, ముక్కలు చేయించాలంటే ట్రాక్టరు కిరాయి. ఆ డబ్బు చివరి ఏరుడులో కాక ఇంకెక్కడ పుడుతుంది? అతను రేపే పీకేసినా ఊరి చివర పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగు మిల్లు ఉండనే ఉంది. అక్కడ గుట్టలుగా పోసిన గింజల నుంచి లేచే పురుగు ఎవరి చేను శుభ్రంగా ఉందో చూసుకుని వాలదు. మిల్లు చుట్టూ మగ పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు కట్టమని మిల్లు వాళ్లను అడగాలి. మామయ్య వెంట వస్తే మాట వింటారేమో కాని, పత్తి మళ్లీ అక్కడే అమ్మాలి కదా అని ఆయన ముందే అనేశారు.