ముందు రాయి, తర్వాతే ఇసుక

మొదటిసారి రీఫ్ ట్యాంకు, అంటే పగడాలూ సముద్రపు చేపలూ ఉండే ఉప్పునీటి అక్వేరియం, పెట్టినప్పుడు నేను ముందు ఇసుక పోశాను. తెల్లటి ఇసుక సమంగా పరిచి, దాని మీద రాళ్లు పేర్చి, నీళ్లు నింపి, ఫోటోలు తీసి చుట్టాలందరికీ పంపాను. నాలుగు నెలల తర్వాత ఒక రాత్రి రెండు గంటలకు హాల్లోంచి దబ్బుమని శబ్దం. లేచి లైటు వేస్తే ఎడమవైపు పై రాయి జారిపోయి ముందు అద్దానికి ఆనుకుని ఉంది. దాని కింద ఇసుకలో పెద్ద గుంట. అద్దం పగల్లేదు గానీ, ఆ రాయి కింద కాపురం ఉండే గోబీ చేప బతకలేదు.

గోబీ అంటే మనకు తెలియని చేపేం కాదు. గోదావరి జిల్లాల్లో ఇసుకదొందుల పులుసు పెట్టుకుంటారు కదా, ఆ దొందులూ ఇవీ ఒకే కుటుంబం. సముద్రంలో ఉండే కొన్ని గోబీలు పిస్టల్ రొయ్యతో జత కడతాయి. రొయ్యకు చూపు అంతంత మాత్రం, రోజంతా బొరియ తవ్వుతూ ఇసుక బయటకు నెడుతూనే ఉంటుంది. గోబీ గుమ్మం దగ్గర కాపలా. రొయ్య తన మీసం ఒకటి గోబీ ఒంటికి ఆనించి ఉంచుతుంది, ప్రమాదం వస్తే గోబీ తోక అల్లాడిస్తుంది, ఇద్దరూ లోపలికి దూరిపోతారు. ఆ జంటను చూడ్డానికే నేను ట్యాంకు పెట్టాను. అవి చేసిన తప్పేం లేదు, తవ్వడం వాటి బతుకు. ఇసుకను పునాది అనుకుని దాని మీద బరువు పెట్టింది నేను.

ఈ మధ్య మియాపూర్ నుంచి మణికొండకు ఇల్లు మారాం, ట్యాంకు మళ్లీ మొదటి నుంచి పెట్టాల్సి వచ్చింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు పనికొస్తుందని ఈసారి చేసిందంతా రాస్తున్నాను.

మాది 3 అడుగుల ట్యాంకు, 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు. రాళ్లను నేరుగా ట్యాంకులో పేర్చడం మొదలుపెట్టలేదు. హాల్లో నేల మీద పాత దుప్పటి పరిచి, టేపుతో 90కి 45 గీత గీసి, ఆ గీతల మధ్యే పేర్చి చూసుకున్నాను. నాలుగు రోజులు పట్టింది, ఇంట్లో అందరూ ఆ దుప్పటి చుట్టూ తిరిగి వెళ్లారు. ఈ నాలుగు రోజులు మాత్రం ఎవరూ తగ్గించుకోవద్దు. నీళ్లు నిండాక చెయ్యి పెట్టి రాయి మార్చడం అంటే బురద, టెన్షన్, విరిగిన పగడాలు.

రెండో రోజు అమ్మ వచ్చి చూసి, "ఎందుకురా అట్లా ఊగుతున్నయి? పొయ్యికి మూడు రాళ్లెందుకు పెడతరు? మూడు చోట్ల ఆనితే కుండ కదలదు" అంది. నేను చూసిన వీడియోలన్నింటికంటే నాకు ఎక్కువ ఉపయోగపడిన మాట అదే. అప్పటి నుంచి ప్రతి రాయినీ మూడు చోట్ల ఆనేలా తిప్పి తిప్పి పెట్టాను. అడుగు రాళ్ల కింది భాగం ఉలితో కొంచెం చెక్కి చదును చేశాను. పై రాయి పెట్టాక వేలితో నెట్టి చూడాలి, ఏ కొంచెం కదిలినా తీసి మళ్లీ పెట్టాలి. అలా కుదిరాకే జిగురు. జెల్ సూపర్‌గ్లూ రాసి, దాని మీద రాతిపొడి చల్లితే త్వరగా గట్టిపడుతుంది, పెద్ద అతుకులకు రెండు ముద్దలు కలిపే ఎపాక్సీ. జిగురు ఉంది కదా అని ఊగే రాయిని అతికించేయడం మాత్రం వద్దు.

ఎలా పేర్చితే అందంగా ఉంటుందో తెలియాలంటే మాకు ఖాజాగూడ గుట్టలు దగ్గరే. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ అది, ఎండకూ వానకూ అంచులు అరిగి గుండ్లుగా మిగిలింది. ఒక ఆదివారం పొద్దున్నే వెళ్లి గంటసేపు కూర్చున్నాను. ఆ గుండ్లు గోడలా వరసగా లేవు. ఒక పెద్ద గుంపు, కొంచెం ఎడంగా ఇంకో చిన్న గుంపు, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలోంచి ఆకాశం. నా పాత ట్యాంకులో రాళ్లు వెనక అద్దానికి ఆనించి ప్రహరీ గోడలా కట్టాను, నీళ్లు ఎక్కడా ఆడేవి కావు, వెనక చేరిన చెత్త తీయడానికి దారే లేదు. ఈసారి ఎడమవైపు పెద్ద దిబ్బ, కుడివైపు చిన్నది, మధ్యలో జానెడు ఖాళీ. వెనక అద్దానికీ పక్క అద్దాలకీ 8 నుంచి 10 సెంటీమీటర్లు వదిలాను, అద్దం తుడిచే మాగ్నెట్ తిరగాలి, నీటి ప్రవాహం వెనకనుంచి కూడా పోవాలి. ఎత్తు సగం దాటి కొంచెమే, ఎందుకంటే పగడాలు పెరుగుతాయి. ఇవాళ నిండుగా కనిపించే ట్యాంకు ఏడాదికి ఇరుకైపోతుంది. జీనియా లాంటి మెత్తటి పగడం గడ్డిలా పాకుతుంది, దాన్ని ఆ రెండు దిబ్బలకూ తగలకుండా ఇసుకలో విడిగా ఒక చిన్న రాయి మీద పెట్టడం మంచిది.

గుట్ట మీది రాయే తెచ్చి వేయొచ్చు కదా అని అడిగారు ఒకరిద్దరు. గ్రానైట్‌లో రంధ్రాలుండవు. రీఫ్ ట్యాంకులో రాయి అలంకారం కోసం కాదు, చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియాకు అదే ఇల్లు. రాయి ఎంత గుల్లగా ఉంటే వాటికి అంత చోటు. మా పిన్ని కొడుకు రామేశ్వరం వెళ్తూ "అన్నా, ఒడ్డున పగడపు రాళ్లు దొరుకుతయంట, ఒక సంచి తేనా?" అని ఫోన్ చేశాడు. వద్దని గట్టిగా చెప్పాను. రాతి పగడాలన్నీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు కింద ఉన్నాయి, పులికున్న రక్షణే వాటికీ. చట్టం అటుంచినా, సముద్రం మీద ఇష్టంతో ట్యాంకు పెట్టుకునేవాడు సముద్రాన్ని సంచిలో మోసుకు రావడం నాకు నచ్చదు. నేను వాడింది తయారుచేసిన గుల్ల రాయి, సుమారు 18 కిలోలు. కొత్తలో బోసిగా తెల్లగా ఉంటుంది, ఓపిక పడితే రంగు అదే వస్తుంది.

ఇక ఇసుక. ఇల్లు కట్టే ఏటి ఇసుక వద్దు, అందులో మట్టి, ఇంకా ఏమేమి ఉంటాయో చెప్పలేం. అరగొనైట్ ఇసుక తీసుకున్నాను, పగడాల అస్థిపంజరం కూడా ఆ పదార్థమే. గింజ 1 నుంచి 2 మిల్లీమీటర్లు. పంచదార కంటే సన్నగా ఉంటే వేవ్‌మేకర్ (నీళ్లను కదిలించే పంపు) పెట్టగానే దుమ్ము లేచి పగడాల మీద పడుతుంది, మరీ ముతకైతే సందుల్లో మురికి దిగిపోతుంది. పొడి ఇసుకను బకెట్లో వేసి బియ్యం కడిగినట్టు కడగాలి, నాకు పది పన్నెండు నీళ్లు పట్టాయి. రాళ్లు అడుగు అద్దం మీద కుదురుగా కూర్చున్నాక, వాటి చుట్టూ గ్లాసుతో కొంచెం కొంచెం పోశాను. 4 సెంటీమీటర్ల మందానికి 20 కిలోలు దాటింది. ఇంకా లోతుగా పోస్తే అడుగున గాలి అందదు, అక్కడ కుళ్లిన గుడ్డు వాసన గల వాయువు పుట్టే ప్రమాదం ఉంది, కదిలిస్తే బయటికొస్తుంది. లోతైన ఇసుక పద్ధతి వేరే ఉంది గానీ మొదటి ట్యాంకుకు అది వద్దనే అంటాను.

నీళ్ల గురించి ఒక్క మాట. మాది బోరు, ఎండాకాలం ట్యాంకరు. రెండూ నేరుగా పనికిరావు, తాగే నీళ్ల ఫిల్టరు కూడా చాలదు, ఆర్‌వో తర్వాత మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ పెట్టి, టీడీఎస్ (నీళ్లలో కరిగిన పదార్థాల లెక్క) సున్నా చూపించాకే ఉప్పు కలిపాను, సాంద్రత 1.025 వచ్చేదాకా. పోసేటప్పుడు ఇసుక మీద పాలిథిన్ కవరు పరిచి, దాని మీద పళ్లెం పెట్టి, పళ్లెంలోకి పోశాను. అంత చేసినా ఒకటిన్నర రోజు పాలలా తెల్లగానే ఉంది. కంగారుపడి చెయ్యి పెట్టలేదు.

మూడో వారం ఇసుక మీద గోధుమరంగు పొర వచ్చింది. డయాటమ్‌లు అవి, కంటికి కనపడనంత చిన్న నాచు జాతి, కొత్త ట్యాంకుల్లో మామూలే, వాటంతట అవే తగ్గాయి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు దిగడానికి ఐదు వారాలు పట్టింది. ఆ తర్వాతే చేపలు.

రొయ్య, గోబీ జంటను పోయిన నెల తెచ్చాను. రెండో రోజే పెద్ద దిబ్బ కిందికి తవ్వడం మొదలుపెట్టింది రొయ్య. ఇప్పుడు ముందు అద్దంలోంచి చూస్తే దిబ్బ కింద బొరియ కనిపిస్తుంది, అడుగు అద్దం దాకా తవ్వేసింది. రాయి అద్దం మీదే ఉంది కాబట్టి కదల్లేదు. రాత్రి పడుకునే ముందు రోజూ ఒకసారి టార్చి వేసి ఆ మూడు ఆనికలూ చూసి వస్తున్నాను.