నాపరాయి మీద ఊదారంగు

చుక్క వేసి రెండు సెకన్లు కాలేదు, నారింజ రంగు మచ్చ కాస్తా ముదురు ఊదాలోకి తిరిగింది. "బండకి మందు పోసినావా నాయనా?" వెనక నుంచి చేను పెద్దాయన.

యర్రగుంట్ల దగ్గర చేనికి కంచెగా పాతిన నాపరాళ్లు. వాటి మీద పాత పెయింటు పెచ్చుల్లా కనిపించేవన్నీ లైకెన్లే, అంటే బూజు జాతి, నాచు జాతి కలిసి ఒకే ఒంటిగా బతికేవి. నేను వేసింది పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారం. నారింజ రంగుకు కారణమైన ఆంత్రాక్వినోన్లు దానికి అలా మారతాయి. అంటే కలోప్లాకా అనే లైకెన్ ప్రజాతి బాపతు. దాన్నేమో 2013లో డీఎన్ఏ చూసి బోలెడు ప్రజాతులుగా ముక్కలు చేశారు. చుక్కతో పని తేలదు, బీజాంశాలు చూడాల్సిందే.

నాకు మాత్రం పక్కనున్న బూడిద రంగుదే నచ్చింది. లెన్స్ పెడితే గానీ అక్కడేదో ఉందని తెలియదు. ఒళ్లంతా రాయి లోపలే, బయటికి నల్లటి చుక్కలంతే. సూదితో ఒకదాన్ని లేపితే కింద చిన్న గుంట! నాపరాయి సున్నపురాయే కదా, దాన్ని కరిగించుకుని మరీ కూర్చుంటుంది. గ్రానైట్ మీద అంత సులువు కాదు. ఇది వెర్రుకేరియా ప్రజాతిదని నా అనుమానం.

పెద్దాయనకి లెన్స్ ఇచ్చా. చాలాసేపు చూసి, "బిర్యానీలో ఏసే రాతిపువ్వు ఇదేనా?" అన్నాడు.

చుట్టమే పెద్దాయనా, కానీ అది ఆకులా ఉంటుంది, ఇది రాతిని వదలదు అన్నాను.

"అయితే పీక్కోలేం" అని నవ్వి, కంచె కింద రాలిన పెచ్చు ఒకటి ఏరి చేతిలో పెట్టాడు.

దాన్ని కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాలి. ల్యాబ్‌లో దానికి పెద్ద క్యూ, అదో టెన్షన్.