నవంబరులో నా గంటల లెక్క

ఈ నెల తాడు పట్టుకున్నది సుమారు 11 గంటలు. ఇది టైము లెక్క. మోగే గంటలైతే మా చర్చి గోపురంలో ఆరు. చిన్నది ఒకటో నంబరు, పెద్దది ఆరు. నాకిచ్చింది నాలుగోది, బరువు దాదాపు 300 కిలోలు.

ఉద్యోగం కోసం ఇంగ్లండులోని డెవన్‌కి వచ్చి మూడేళ్లు. మేముండేది పల్లె. చర్చి గంటలు మోగించడం నేర్చుకుంటానని వెళ్లినప్పుడు నాకు వచ్చేసినట్టే అనుకున్నాను. గుంటూరు జిల్లాలో మా ఊరి చర్చి గంటని చిన్నప్పుడు పోటీలు పడి లాగినవాళ్లమే కదా! ఎంత గట్టిగా లాగితే అంత మోత. ఆ అలవాటే ఇక్కడ నా కొంప ముంచింది.

ఇక్కడ గంటను పెద్ద చక్రానికి బిగిస్తారు. మొదలుపెట్టే ముందు ఊపుతూ ఊపుతూ నోరు ఆకాశం వైపు తిరిగేలా నిలబెడతారు. అక్కణ్ణుంచి చిన్నగా లాగితే చాలు, చుట్టూ తిరిగొచ్చి మళ్లీ నోరు పైకి పెట్టుకుని ఆగుతుంది. తాడు మీద రంగు ఉన్ని చుట్టిన చోటు ఉంటుంది, దాన్ని సాలీ అంటారు. అది పట్టి లాగితే హ్యాండ్‌స్ట్రోక్. అది చేతుల్లోంచి పైకి వెళ్లిపోయాక, తాడు కొస పట్టి లాగితే బ్యాక్‌స్ట్రోక్. పని అయ్యాక తాళ్లన్నీ తగిలించి పైకి లేపే కొక్కేన్ని స్పైడర్ అంటారు. సాలీ ఒకటి, సాలీడు ఒకటి. ఈ జోకు తెలుగులో తప్ప పేలదు కాబట్టి గోపురంలో ఎవరికీ చెప్పలేదు.

6వ తేదీ, గురువారం ప్రాక్టీసు. స్టే విరగ్గొట్టాను. గంట నిట్టనిలువు స్థానం దాటి అవతలికి పడిపోకుండా ఆపే కొయ్య అది. మామూలుగా యాష్ అనే చెట్టు కర్రతో చేస్తారు. నేను బ్యాక్‌స్ట్రోక్ మా ఊరి లెవెల్లో లాగాను. పైన టప్పుమని శబ్దం, చేతిలో తాడు సర్రున పైకి. టవర్ కెప్టెన్, అంటే మా గంటల జట్టు పెద్ద, "వదిలెయ్!" అని అరిచింది, వదిలేశాను. కొత్తవాళ్లు ముందు నేర్చుకోవలసింది ఇదే. తాడు పట్టుకుని వేలాడితే మనం కూడా పైకి పోతాం. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ మాత్రం, విరగాల్సింది కొయ్యే, మనిషో చక్రమో కాదు, అందుకే దాన్ని అలా పెడతారు అంది.

8వ తేదీ. కొత్త స్టే బిగించడానికి, మర్నాడు రిమెంబ్రెన్స్ సండే (యుద్ధాల్లో చనిపోయినవాళ్లని తలుచుకునే ఆదివారం) కాబట్టి మఫుల్స్ కట్టడానికి పైకెక్కాం. గంటలన్నీ నోరు కిందకి దించి ఉన్నాయని చూసుకున్నాకే లోపలికి వెళ్లాలి. పైకి నిలబెట్టిన గంటల మధ్యకి ఎవరూ వెళ్లకూడదు. మఫుల్ అంటే తోలు మెత్త. గంట నాలుకకి ఒకవైపే కడతారు. అప్పుడు హ్యాండ్‌స్ట్రోక్ ఖంగుమంటుంది, బ్యాక్‌స్ట్రోక్ ఎక్కడో కొండ అవతల మోగినట్టు వినిపిస్తుంది. మేం ఐదోదానికి తిరగేసి కట్టాం. కింద ట్రయల్ వేస్తే అందరూ గుసగుసలాడుతుంటే అదొక్కటే కేకేసింది. మళ్లీ ఎక్కాం. ఆ మెట్లకి రెయిలింగ్ లేదు, పట్టుకోవడానికి ఒక తాడే. టార్చి తలకి తగిలించుకునే రకమైతే మంచిది.

9వ తేదీ. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన గంటల వాళ్లే దాదాపు 1,400 మంది. రెండో యుద్ధంలో 1940 జూన్ నుంచి దేశమంతా చర్చి గంటలు ఆపేశారు. శత్రువు దిగితేనే మోగించాలని. 1942 నవంబరులో ఈజిప్టులో ఎల్ అలమీన్ యుద్ధం గెలిచినందుకు ఒక రోజు మోగనిచ్చారు. కెప్టెన్ వాళ్ల నాన్న ఆ రోజు తాడు పట్టారట. నా బ్యాక్‌స్ట్రోకులు సగం ఆలస్యమే, కానీ మెత్తలు పుణ్యం కట్టుకున్నాయి. రికార్డింగ్ అమ్మకి పంపాను. వెంటనే ఫోను: "ఎవరు పోయారే?" మా ఊళ్లో నిదానంగా గంట మోగితే చావు కబురే మరి.

13వ తేదీ. కాల్ చేంజెస్. డెవన్‌లో దీనికి పిచ్చి అభిమానం, పోటీలు కూడా ఉంటాయి. మొదట 123456 వరసలో మోగిస్తాం. కెప్టెన్ "రెండు మూడుకి" అంటే రెండోది మూడోదాని వెనక్కి వెళ్లాలి: 132456. తర్వాత "నాలుగు ఐదుకి": 132546. ఆఖర్న "రెండు ఐదుకి": 135246. దీన్ని క్వీన్స్ అంటారు, వినడానికి మెట్లు దిగినట్టుంటుంది. నా నంబరు పిలిచింది ఒక్కసారే. కానీ నేనెవరి వెనక మోగాలో మాత్రం మూడుసార్లూ మారింది: ముందు మూడు, తర్వాత రెండు, ఐదు, మళ్లీ రెండు. నా నంబరు కాదు, నా ముందున్నవాళ్ల నంబరు గుర్తుపెట్టుకోవాలని అప్పటికి బుర్రకెక్కింది. ఆలస్యం కావాలంటే తాడుని ఇంకాస్త పైకి పోనివ్వాలి, గంట అక్కడ ఒక క్షణం తూగుతుంది. తొందరగా రావాలంటే అంత ఎత్తుకి పోనివ్వకుండా ముందే ఆపి లాగాలి. బలంతో పని లేదు. భుజాలు నొప్పెడితే తప్పు చేస్తున్నట్టే.

15, 29. గంట నాలుకని కట్టేసి, శబ్దం లేకుండా, నేనూ కెప్టెనూ మాత్రమే. బ్యాక్‌స్ట్రోక్ ఒక్కటే 200 సార్లు. ఊరికి నిద్ర, నాకు చెమట. నేను కొస మరీ పొడుగ్గా పట్టుకుంటున్నానని తేలింది. నాలుగు అంగుళాలు పైకి పట్టుకున్నాను, సగం జబ్బు పోయింది.

20న నైట్ డ్యూటీ, వెళ్లలేదు.

22వ తేదీ, ఔటింగ్. ఒక్క రోజులో ఐదు గోపురాలు. ప్రతిచోటా తాడు బరువు, సాలీ ఎత్తు వేరు. కొన్నిచోట్ల నేను చిన్న పెట్టె మీద నిలబడాల్సి వచ్చింది. సాయంత్రం ఎక్సెటర్ కెథడ్రల్ బయట నిలబడి విన్నాం. అక్కడి పెద్ద గంట పేరు గ్రాండిసన్, మూడున్నర టన్నుల పైనే. అది మోగినప్పుడు చెవికంటే ముందు కాళ్లకి తెలిసింది. మన దేశంలో ఇలా చక్రాల మీద తిరిగే గంటలు పుణెలో ఉన్నాయి, పంచ్‌హౌద్ చర్చిలో, ఎనిమిది. ఈసారి ఇండియా వచ్చినప్పుడు చూడాలి.

27వ తేదీ. ఐదు గంటలతో 120 వరసలు వస్తాయి, ఆరుతో 720. వాటిని ఎవరూ పిలవకుండా కంఠతా మోగించేవాళ్లున్నారు. నాకు వాటి మొదటి మెట్టు ప్లెయిన్ హంట్ కాగితం మీద గీసిచ్చారు. బస్సులో వేళ్లతో నొక్కి చూసుకుంటున్నాను.

30వ తేదీ, ఆదివారం. సర్వీసుకి ముందు అరగంట. క్వీన్స్ ఒక్క తప్పూ లేకుండా వెళ్లి వచ్చాం. "స్టాండ్" అన్నాక సాలీ వదిలేసి చూస్తే గంట కదలకుండా నిలబడింది. స్టే కూడా భద్రంగానే ఉంది.