ఏడు గుట్టలు, ఒక కావడి

ఏజెంటు చెప్పిన మందపాటి పరుపు సెంబలున్ గ్రామంలో మూట విప్పేసరికి అట్టముక్కగాను, వెచ్చటి స్లీపింగ్ బ్యాగు జిప్పు ఊడిన గుడ్డసంచిగాను తేలాయి. ఇండోనేషియాలోని లంబోక్ ద్వీపంలో రింజానీ అగ్నిపర్వతం మీదికి రెండు రాత్రుల యాత్రకు బేరమాడకుండా సొమ్ము కట్టిన నన్ను నేను తిట్టుకుంటూ, ఆ గడ్డి మైదానాల గుండా మూడో మజిలీ దాకా నడిచాను. ఆ తర్వాత తిట్టుకోవడానికి ఊపిరి చాలలేదు.

అక్కడి నుంచి శిబిరం వరకు ఒకదాని మీద ఒకటిగా లేచే గుట్టలను లంబోక్ వాసులు ఏడు పశ్చాత్తాపపు గుట్టలంటారు. అలిపిరి నుంచి రెండుసార్లు కాలినడకన ఏడుకొండలెక్కినవాణ్ని కనుక ఆ పేరు విని మొదట నవ్వుకున్నాను. మోకాళ్ల పర్వతం దగ్గర కనీసం మెట్లుంటాయి, గోవిందనామాలుంటాయి. ఇక్కడ దుమ్ము, చెట్ల వేర్లు, అయిపోయిందనుకున్న గుట్ట వెనక తలెత్తే మరో గుట్ట, అంతే.

ఆ దారిలో నన్ను దాటిపోయిన మా పోర్టరు భుజాన ఉన్నది అచ్చంగా కావడి. వెదురుబద్దకు ఒక వైపు గుడారాలు, మరో వైపు బియ్యం, గుడ్లు, నీళ్లు. కాళ్లకు అరిగిన హవాయి చెప్పులు. భుజం మార్చుకోవడానికి కూడా ఆగకుండా, మెడ వెనక నుంచి బద్దను తిప్పి రెండో భుజం మీదికి జార్చుకునేవాడు. చొక్కా పక్కకు తొలగినప్పుడు అక్కడ నిమ్మకాయంత కాయ కాచి కనిపించింది. చిన్నప్పుడు మా వీధిలో వేసవి నీళ్లు మోసిన కావడి కిర్రుకిర్రుమనే చప్పుడును, ముప్పై ఏళ్లకు, పరాయి దేశపు అగ్నిపర్వతం మీద మళ్లీ విన్నాను.

2,639 మీటర్ల ఎత్తున, బిలం అంచున రాత్రి గడిపాము. 1257లో ఇక్కడి సమలాస్ శిఖరం పేలి కుప్పకూలడంతో ఏర్పడిన ఆ గోతిలో ఇప్పుడు సెగరా అనక్ సరస్సు ఉంది. మన సాగరమే అక్కడ సెగరా, ఆ పేరుకు సముద్రపు బిడ్డ అని అర్థం. సరస్సులోకి చొచ్చుకొచ్చిన బరుజారి అనే పిల్ల అగ్నిపర్వతాన్ని చూస్తూ అన్నం తిన్నాను. చలికి మాత్రం ఊడిన జిప్పు దారి చూపింది, కునుకు పట్టలేదు.

రాత్రి రెండింటికి గైడు వెంట 3,726 మీటర్ల శిఖరానికి బయలుదేరాను. చివరి వాలంతా వదులు బూడిద, గులకరాళ్లు; రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కి జారుతుంది. శిఖరం కనిపించే దూరంలోనే కూలబడ్డాను. తెల్లవారాక పడమటి సముద్రానికి ఆవల బాలీలోని ఆగుంగ్ పర్వతాన్ని చూసి, సిగ్గుపడకుండా దిగివచ్చాను.

శిబిరంలో పోర్టరు అరటిపండు అట్లు వేస్తున్నాడు. ఈ మూడు రోజులకు నీకెంత ఇస్తారని గైడు ద్వారా అడిగాను. అతను చెప్పిన మొత్తం నేను కట్టినదానిలో పదోవంతైనా లేదు. మూటలు కట్టాక కావడి ఒకసారి ఎత్తుతానన్నాను. నాలుగు అడుగులకే బద్ద ఒక పక్కకు ఒరిగి నన్నూ లాగేసింది. అతను పరుగున వచ్చి పట్టుకుని, పగలబడి నవ్వుతూ, "పెలాన్, పెలాన్" అన్నాడు. మెల్లగా, మెల్లగా అని.