హలో... వినపడుతోందా?

ఆదివారం కదా, లేటుగా లేద్దామనుకుంటే అమ్మ పడుకోనివ్వలేదు. బాల్కనీలో నిలబడి శ్రీకాకుళంలో ఉన్న పిన్నితో ఫోను. మాటలేం లేవు, "హలో... ఆఁ హలో... హలోఓఓ, వినపడుతోందా?" ఇదే. మొదటి హలో మామూలుగా మొదలై, రెండోది సాగి, మూడోదానికి పిన్ని మీద కోపం కూడా వచ్చేసి, ఆఖరికి లైను కట్టయ్యాక ఫోన్ మొహంలోకి చూస్తూ ఇంకో హలో. అసలు విషయం ఒక్క ముక్క ఆడలేదు.

నవ్వొచ్చింది గానీ, హలో పుట్టిందే ఆ పనికి. తొలిరోజుల్లో రెండు ఆఫీసుల మధ్య ఫోన్ లైను ఎప్పుడూ తెరిచే ఉంచుదామనుకున్నారు, మరి అవతలివాణ్ణి పిలవడమెలా? 1877 ఆగస్టు 15న ఎడిసన్ పిట్స్‌బర్గ్ టెలిగ్రాఫ్ కంపెనీ అధ్యక్షుడికి ఉత్తరం రాశాడు, గంట అక్కర్లేదు, హలో అంటే 10, 20 అడుగుల దాకా వినపడుతుంది అని. ఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్‌కేమో ఓడవాళ్ళ కేక "అహోయ్" ఇష్టం. అది నెగ్గి ఉంటే అమ్మ ఇవాళ కాలనీ అంతా వినేలా అహోయ్ అహోయ్ అనేది!

అన్నట్టు 2022లో మహారాష్ట్ర ప్రభుత్వం తమ ఉద్యోగులు ఫోన్లో హలో బదులు వందేమాతరం అనాలని ఉత్తర్వు ఇచ్చింది. మధ్యలో సిగ్నల్ పోతే ఏమంటారో మరి.

పదింటికి టిఫిన్ సెంటర్‌కి వెళ్తే అక్కడ ఇంకో రకం. హెల్మెట్ తీయకుండానే ఒకాయన వచ్చి అందరికంటే ముందు టోకెన్ కోసం చెయ్యి చాపాడు. వెనక నుంచి ఒక కుర్రాడు "హలో! లైన్ ఇక్కడుంది" అన్నాడు. ఆయన గిర్రున తిరిగి, "హలో ఏంటి హలో? మర్యాదగా మాట్లాడు." లైను తప్పింది ఆయన, మర్యాద అడిగింది కూడా ఆయనే. కానీ ఆ కుర్రాడు అదే మాట "అన్నా, లైనుందన్నా" అని ఉంటే గొడవే లేదు, గొణుక్కుంటూ వెనక్కి పోయేవాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళని కూడా అన్నా, బాబాయ్, అమ్మా అనేసే మనం హలో అన్నామంటే, నీకూ నాకూ ఏ వరసా లేదని చెప్పినట్టే. ఫోన్లో అదే హలోకి ఎవరూ ఏమీ అనుకోరు, ఎదురుగా నిలబడితేనే తిట్టులా తగులుతుంది. పెసరట్టు చేతికొచ్చేదాకా ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకోలేదు.

సాయంత్రం ఆఫీసు ఫ్రెండు, వాళ్ళావిడ వచ్చారు. ఆ అమ్మాయి గుమ్మంలోనే "హలో ఆంటీ" అని చెయ్యి ఊపింది. పొద్దున్న అన్ని హలోలు అరిచిన అమ్మ తిరిగి ఒక్కటీ అనలేదు. "రామ్మా రా, ఎండన పడొచ్చారు, కాఫీ తాగుతారా?" అంది. ఎదురుగా ఉన్న మనిషికి అమ్మ హలో అనగా నేనెప్పుడూ వినలేదు. ఆ అమ్మాయి "షుగర్ తక్కువ ఆంటీ" అంటూ వెనకాలే వంటింట్లోకి వెళ్ళిపోయింది, మేమిద్దరం హాల్లో క్రికెట్ పెట్టుకున్నాం.