ఆరు సెకన్లతో ఆడిన ఎండ్‌గేమ్

జూనియర్ చెస్ ఛాంపియన్‌షిప్ బ్లిట్జ్‌లో, అంటే చాలా వేగంగా ఆడే పోటీలో, ఒక్కొక్కరికి 3 నిమిషాలు, వేసిన ప్రతి ఎత్తుకూ 2 సెకన్లు అదనం. ఐదో రౌండ్‌లో నా గడియారం 6 సెకన్లకు దిగేసరికి నాకు రాజు, ఏనుగు మిగిలాయి. అవతలి అబ్బాయికి వాటితో పాటు ఒక బంటు కూడా ఉంది.

ఇలాంటి ఎండ్‌గేమ్‌లోనే, అంటే కొన్ని పావులే మిగిలిన చివరి దశలోనే, రెండో రౌండ్ ఓడిపోయాను. డ్రా చేయొచ్చని తెలిసి కూడా, టైమ్ చూసి టెన్షన్‌తో ఏనుగును తప్పు గడికి జరిపాను. విరామంలో కోచ్ సార్ ఒకటే మాట చెప్పారు: "రెండు సెకన్లలోపు ఎత్తు వేస్తే నీ టైమ్ తగ్గదురా. గడియారం చూడకు, బోర్డు చూడు."

ఈసారి ఏనుగును నా వైపు నుంచి మూడో వరుసలో నిలబెట్టాను. 18వ శతాబ్దపు ఫ్రెంచ్ ఆటగాడు ఫిలిడోర్ పేరుతో పిలిచే డిఫెన్స్ ఇది. ఏనుగు అక్కడ ఉన్నంతసేపూ ఎదుటి రాజు ఆ వరుసలోకి రాలేడు. నేను దాన్ని అక్కడే అటూ ఇటూ జరుపుతూ ఉండాలి, అంతే. చెప్పడానికి తేలికే, చేయి మాత్రం వణుకుతోంది. ఏ చేత్తో ఎత్తు వేస్తే ఆ చేత్తోనే గడియారం నొక్కాలి కాబట్టి ఎడమ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నాను.

చివరికి అతను బంటును ఆ వరుసలోకి తోశాడు. నేను చూస్తున్నది దానికోసమే. ఏనుగును బోర్డు అవతలి చివరకు పంపి, వెనక నుంచి అతని రాజు మీద దాడులు, అంటే చెక్‌లు, మొదలుపెట్టాను. రాజు దాక్కోవాల్సిన గడిలో ఇప్పుడు తన బంటే ఉంది.

తొందరలో అతను రాజును ఇంకా చెక్‌లోనే ఉండే గడికి జరిపి గడియారం నొక్కేశాడు. నేను నా ఎత్తు వేసేస్తే ఇక ఆ తప్పు గురించి అడగడానికి ఉండదు. గడియారం ఆపి ఆర్బిటర్‌ను, అంటే పోటీ రిఫరీని, పిలిచాను. ఆయన నాకు 1 నిమిషం కలిపారు. ఇంకోసారి అలా చేస్తే అతను ఓడిపోయినట్టే. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండో రౌండ్‌లో నేనూ అలాగే ఉన్నాను కదా అనిపించి, అతని ముఖం వైపు మళ్ళీ చూడలేకపోయాను.

చెక్‌లు తప్పించుకుంటూ అతని రాజు బంటుకు దూరమయ్యాడు. నా రాజు వెళ్ళి దాన్ని కొట్టేశాడు. అతను ఎత్తు వేసి, గడియారం నొక్కే ముందు "డ్రా?" అన్నాడు. చేయి కలిపాను.

వెంటనే అతనే బంటును పాత గడిలో పెట్టి, "దీన్ని తోయకుండా ఉంటే గెలిచేవాణ్ణా?" అని అడిగాడు. "అప్పుడూ డ్రానే" అని ఏనుగును మూడో వరుసలో జరిపి చూపించాను. నమ్మలేదు. తర్వాతి రౌండ్‌కు పిలిచేదాకా గడియారం ఆపేసి ఆ ఎండ్‌గేమే ఆడుకున్నాం.